ముందు ఇంటి ఎర్తింగ్, తర్వాతే షోరూం: ఎలక్ట్రిక్ కార్లపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఎలక్ట్రిక్ కార్ల మీదే. కొనాలా వద్దా అని అడిగినవారు కొందరు, కొన్నాక చిక్కుల్లో పడ్డవారు కొందరు. చాలా చిక్కుల మూలం బండిలో లేదు, అది రోజూ రాత్రి కరెంటు తీసుకునే ఇంటి గోడలో ఉంది. కారు ఎంపికకు రెండు నెలలు తిరుగుతున్నారు గానీ, సాకెట్ విప్పి చూడటానికి పది నిమిషాలు కేటాయించడం లేదు. అందుకే సాకెట్, ఎర్తింగ్ మీది జవాబు పొడుగైంది.

ప్రశ్న (హన్మకొండ): బానెట్ లేపితే ఇంజను లేదు, ఒక పెట్టె, ఆరెంజ్ రంగు తీగలు కనిపిస్తున్నాయి. క్లచ్, గేర్లు లేకుండా ఈ బండి ఎట్లా నడుస్తుంది? సర్వీసింగ్‌కు ఇక పని లేనట్టేనా?

జవాబు: అసలు సరుకు బానెట్ కింద లేదు, మీ కాళ్ల కింద ఉంది. కారు అడుగున పరుపులా పరచిన పెట్టే బ్యాటరీ ప్యాక్. చిన్న చిన్న సెల్స్‌ను వరసగా కలిపితే మొత్తం మీద 300 నుంచి 400 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు వస్తుంది. మోటారుకు కావలసింది మూడు ఫేజుల ఏసీ, అంటే మాటిమాటికీ దిశ మార్చుకునే కరెంటు. ఆ మార్పు చేసేది ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో ఫ్యాన్లు తిప్పే ఇన్వర్టర్ కూడా డీసీని ఏసీ చేసేదే. కాకపోతే ఇంటిది ఎప్పుడూ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 చుట్లు) ఫ్రీక్వెన్సీ మీదే ఉంటుంది, కారుది మీరు యాక్సిలరేటర్ తొక్కిన దాన్ని బట్టి ఫ్రీక్వెన్సీని, కరెంటును క్షణక్షణం మారుస్తుంది. బండి వేగం అంటే ఆ ఫ్రీక్వెన్సీయే.

పెట్రోలు ఇంజనుకు గేర్లు ఎందుకంటే, అది నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లకన్నా తగ్గితే ఆగిపోతుంది, బలం చూపేది కొంత మేరలోనే. మోటారు సున్నా దగ్గరే పూర్తి బలం ఇస్తుంది, పదివేల చుట్లు దాటినా తిరుగుతుంది. కాబట్టి మోటారు చుట్లను తొమ్మిదో వంతుకో పదో వంతుకో తగ్గించే ఒక్క గేరు చాలు. మీరు చూసిన మిగతా పెట్టెల్లో ఒకటి ఇంటి ఏసీని డీసీ చేసి బ్యాటరీలో నింపే ఆన్‌బోర్డ్ చార్జర్, ఇంకొకటి లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్. సెల్స్ వేడినీ వోల్టేజీనీ కాపలా కాసేది బీఎంఎస్ అనే కంప్యూటర్. ఆరెంజ్ తీగ అంటే హై వోల్టేజీ. ఊళ్లో ఎంత పేరున్న మెకానిక్ అయినా శిక్షణ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఇంజను ఆయిలు, ప్లగ్గులు, క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, సైలెన్సర్ ఉండవు. కూలెంట్, రిడక్షన్ గేరు ఆయిలు, బ్రేక్ ఫ్లూయిడ్, ఏసీ ఫిల్టర్ మాత్రం ఉంటాయి. టైర్లు పెట్రోలు బండికన్నా తొందరగా అరుగుతాయి. బరువు ఎక్కువ, కాలు పెట్టగానే బలమంతా టైరు మీద పడుతుంది. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయి గానీ, వాడకం తక్కువై వానకాలంలో డిస్కులకు తుప్పు పడుతుంది. వారానికోసారి వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు బ్రేకు గట్టిగా తొక్కితే ఆ తుప్పు రాలిపోతుంది.

ప్రశ్న (వరంగల్, శివనగర్): మాది పాత ఇల్లు. కారుతో ఇచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను 15 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే చలికాలమంతా బాగానే పనిచేసింది. మే నెల నుంచి ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. సర్వీస్ సెంటర్‌లో అదే చార్జర్ మంచిగ పనిచేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపితే సరిపోతుందన్నాడు. కలపొచ్చా?

జవాబు: కలపకండి. ఇప్పటికే కలిపి ఉంటే ఈ పూటే విడదీయించండి. ఎందుకో చెబుతాం.

చార్జర్ కరెంటు వదిలేముందు మొదట చూసేది ఎర్త్ (కారు బాడీని నేలకు కలిపే తీగ) ఉందా లేదా అని. లేకపోతే లోపలి రిలే అనే స్విచ్ కలవదు, ఎర్ర లైటు వెలుగుతుంది. న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, ఎర్త్‌కు కలిపితే చార్జర్ మోసపోతుంది, లైటు పచ్చగా మారుతుంది. కానీ ఆ క్షణం నుంచి మీ కారు బాడీ న్యూట్రల్ తీగకు అంటుకుని ఉన్నట్టే. గాలివానకు స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగిందనుకోండి. ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాను గుండా వచ్చిన 230 వోల్టులు నేరుగా కారు తలుపు మీదికి వస్తాయి. తడి చేత్తో తలుపు తీసేవారు నేల మీద నిలబడి ఉంటారు. దీనివల్ల ప్రాణాలు పోతాయి.

మే నెలలోనే ఎందుకు మొదలైందన్న దాంట్లోనే మీ జవాబు ఉంది. మీ ఎర్త్ గుంత ఎండిపోయింది. ఎర్త్ పైపు చుట్టూ మట్టి తడిగా ఉంటేనే కరెంటు నేలలోకి దిగుతుంది. మన దగ్గర చెలక నేలలు, అడుగున రాయి. ఎండలు ముదిరేసరికి తేమ కిందికి పోతుంది. పాత ఇళ్లలో ఇంకో తంటా, గుంతలో వేసిన ఉప్పు ఏనాడో కరిగిపోయి ఉంటుంది, పైపుకు బిగించిన తీగ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240 వోల్టులు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 60, 100, 140 అంటూ నిలకడ లేని అంకె కనిపిస్తే ఎర్త్ తెగిపోయినట్టు. న్యూట్రల్-ఎర్త్ మధ్య 10, 15 వోల్టులు వస్తే ఎర్త్ ఉన్నా బలహీనం, లేదా న్యూట్రల్ జాయింటు ఎక్కడో వదులైంది.

మొదట గుంత మూత తీసి పైపులో రెండు బకెట్ల నీళ్లు పోసి గంట తర్వాత మళ్లీ కొలవండి. అంకె మారితే దోషం దొరికినట్టే. పైపు దగ్గర బోల్టు విప్పి, తీగ చివరను, పైపును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయించండి. అయినా అంకె దిగకపోతే కొత్త గుంత తీయించడమే. ఎనిమిది నుంచి పది అడుగుల లోతు, జీఐ (జింకు పూత ఇనుప) పైపు గానీ రాగిపూత కడ్డీ గానీ, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. బొగ్గు-ఉప్పు బదులు బెంటోనైట్ మట్టి వేస్తే తేమ ఎక్కువకాలం నిలుస్తుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓములకు లోపు రావాలి. ఎండకాలంలో వారానికోసారి నీళ్లు పోయడం మరవకండి.

ఇక సాకెట్ సంగతి. 15 ఆంపియర్ల సాకెట్ ఇస్త్రీపెట్టెకు, గీజరుకు పెట్టించినది. అవి ఇరవై నిమిషాలు వాడి ఆపేస్తాం. కారు పదమూడు, పదిహేను ఆంపియర్లను ఎనిమిది పది గంటలు ఆపకుండా గుంజుతుంది. వెనక స్క్రూ అరచుట్టు వదులున్నా అక్కడ వేడి పుడుతుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ టీ మరక రంగుకు మారిందంటే, ప్లగ్గు పిన్ను మీద గోధుమరంగు చార కనిపించిందంటే ఆ సాకెట్ పని అయిపోయింది. చార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి నిలపలేకపోతే వెంటనే ఆపేయండి.

మెయిన్ బోర్డు నుంచి కారు నిలిపే చోటికి విడిగా తీగ లాగించడమే మంచి దారి. 16 ఆంపియర్ల చార్జర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ అయితే ఒక్క ఫేజు మీద 32 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ. రెండింటికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్) తప్పనిసరి, అదీ ‘టైప్ A’ది కావాలని అడిగి తీసుకోండి. పాత ‘టైప్ AC’కి డీసీ కలిసిన లీకేజీ తెలియదు. మధ్యలో జాయింట్లు వద్దు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. గోడ చార్జర్ పెట్టించేముందు బిల్లు మీద మీ శాంక్షన్డ్ లోడు (మీకు మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో చూసి, విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో లోడు పెంపునకు దరఖాస్తు ఇవ్వండి.

ప్రశ్న (కరీంనగర్): మాకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. నెలకు 180 యూనిట్ల దాకా కాలుతుంది. కారు కొంటే ఏమవుతుంది? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం.

జవాబు: జీరో బిల్లు పోతుంది. ఇది ముందే తెలుసుకుని లెక్క వేసుకోండి.

మామూలు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు వస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి 143 యూనిట్లు. చార్జింగ్‌లో పది పదిహేను శాతం వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద 165 దాకా తిరుగుతుంది. ఇంటి 180తో కలిపితే 345. ఉచితం 200 యూనిట్ల లోపువారికే. అది దాటిన నెల మొదటి యూనిట్ నుంచీ బిల్లు కట్టాలి. ఇప్పటి స్లాబుల్లో మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, మిగిలిన 45కు 9 చొప్పున 405. మొత్తం 2,195, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు అదనం. అంటే కారు తాగిన 165 యూనిట్ల కోసం మీ చేతి నుంచి పోయేది యూనిట్‌కు 13 రూపాయల పైనే.

అయినా పెట్రోలుతో పోలిస్తే తక్కువే. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండికి వెయ్యి కిలోమీటర్లకు 62 లీటర్లు పైన. లీటరు 107 అనుకుంటే 6,700 రూపాయలు.

ఇంతకన్నా మంచి దారి ఇంకోటుంది. 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కారు చార్జింగ్‌కు విడి కనెక్షన్ అడగవచ్చు. మన తెలంగాణలో ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) చార్జింగ్ కేటగిరీకి యూనిట్ 6 రూపాయలు. 165 యూనిట్లకు 990. ఇంటి మీటరు 180 దగ్గరే ఉంటుంది. సర్వీసు లైను ఖర్చు ఒకసారి పడుతుంది. సెక్షన్ ఆఫీసులో అంచనా వేయించుకుని, ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో చూసుకోండి.

ప్రశ్న (పరకాల): ఇంటికన్నా బావి దగ్గర త్రీఫేజు కరెంటు బాగుంటుంది, ఉచితం కూడా. అక్కడ షెడ్డు వేసి చార్జింగ్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. వ్యవసాయ కనెక్షన్ మోటారు కోసం ఇచ్చింది. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. వర్తించే రేటుకు రెండింతలు లెక్కగట్టి వసూలు చేస్తారు. ఇక సాంకేతికంగా చూస్తే, బోరు మోటారుకు న్యూట్రల్ అక్కర్లేదు, కాబట్టి బావుల దగ్గర నమ్మదగ్గ న్యూట్రల్ తరచూ ఉండదు. మోటార్లన్నీ ఒక్కసారి ఆగినప్పుడు, మొదలైనప్పుడు వోల్టేజీ ఎగిరి పడుతుంది. కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ చెడిపోతే మార్చడానికయ్యే ఖర్చు ఏళ్ల తరబడి కట్టే ఇంటి బిల్లుకన్నా ఎక్కువ.

ప్రశ్న (కాజీపేట): కంపెనీ 350 కి.మీ. రేంజి అని చెప్పింది. హైదరాబాద్ వెళ్లి రావడానికి 300 చాలు కదా? మొన్న పోయేటప్పుడు హైదరాబాద్ దగ్గరి ఘట్‌కేసర్‌కే సగానికి పైగా అయిపోయింది. బండిలో ఏమైనా లోపమా?

జవాబు: బండిలో లోపం లేదు, ఆ 350 అనేది ల్యాబులో రోలర్ల మీద, తక్కువ సగటు వేగంతో తీసిన అంకె. హైవే మీద అందులో మూడింట రెండొంతులు చేతిలో ఉన్నట్టు అనుకుని బయల్దేరండి.

పోయేటప్పుడే ఎక్కువ ఎందుకు ఖర్చయిందంటే, మీరు ఎక్కుతున్నారు. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది, హైదరాబాద్ 500 మీటర్లు దాటి. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా పోతుంటే కంటికి చదును రోడ్డే అనిపిస్తుంది గానీ, మనుషులతో కలిపి 1,700 కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికే దాదాపు 1.2 యూనిట్లు పోతాయి. అంటే ఎనిమిది కిలోమీటర్ల రేంజి. తిరుగు ప్రయాణంలో అందులో కొంత వెనక్కి వస్తుంది. వానకాలంలో గాలి నైరుతి నుంచి, అంటే మీ ఎదురుగానే వీస్తుంది. అదీ కలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ బండి 80 మీద నిలకడగా పోతే 290 దాకా, 100 మీద 240 దాకా ఇస్తుంది. చివరి పది శాతం ముట్టుకోకుండా ఉంచుకుంటే 260, 215. కాబట్టి రాకపోకల్లో ఎక్కడో ఒకచోట అరగంట చార్జింగ్ పెట్టుకోవాల్సిందే. భోజనానికి ఆగే చోటే పెట్టుకుంటే ఆ సమయం భారం కాదు.

ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాకానే నింపండి. తర్వాత సెల్స్‌ను కాపాడటానికి బీఎంఎస్ కరెంటు తగ్గిస్తుంది. 10 నుంచి 80కి పట్టినంత సమయం మిగిలిన ఇరవైకీ పట్టొచ్చు. బయటి చార్జర్‌లో యూనిట్ 20 రూపాయల పైచిలుకు పడుతుంది, కాబట్టి ఇంటికి చేరేంత నింపుకుంటే చాలు. గన్ను (కారుకు తగిలించే చార్జర్ పిడి) పెట్టగానే ఎర్రర్ వస్తే వెంటనే స్టేషన్ పాడైందనుకోకండి. ఆ గన్ను, కేబుల్ బరువుకు కిందికి వాలి పిన్నులు పూర్తిగా కూర్చోవు. కారు గన్నును లాక్ చేసి చార్జింగ్ మొదలయ్యేదాకా చేత్తో కింద నుంచి ఆసరా ఇచ్చి పట్టుకోండి. చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది. బయల్దేరేముందు ఆ స్టేషన్‌లో చివరిసారి ఎప్పుడు చార్జింగ్ జరిగిందో యాప్‌లో చూసి, దానికి ఇరవై కిలోమీటర్ల లోపు ఇంకోటి గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న (గోదావరిఖని): మా దగ్గర ఎండలు తెలిసినవే, 45 దాటుతుంది. బ్యాటరీ తట్టుకుంటుందా? 80 శాతమే చార్జ్ చేయాలని ఒకరు, వంద చేయాలని ఒకరు అంటున్నారు.

జవాబు: ఇద్దరూ సరైనవారే, వాళ్ల బ్యాటరీలు వేరు. లిథియం బ్యాటరీల్లో మన దగ్గర అమ్ముడయ్యేవి ముఖ్యంగా రెండు రకాలు. ఎల్‌ఎఫ్‌పీ అంటే ఇనుము, ఫాస్ఫేటు. ఎన్‌ఎంసీ అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్. ఎన్‌ఎంసీ అంత బరువులోనే ఎక్కువ కరెంటు దాచుకుంటుంది గానీ, నిండుగా ఉండి వేడిలో నిలిస్తే తొందరగా అరుగుతుంది. దానికి రోజువారీగా 80 శాతం మంచిది. ఎల్‌ఎఫ్‌పీ వేడికి ఓర్చుకుంటుంది, అగ్నిప్రమాదం ముప్పు కూడా తక్కువ. కానీ దాని వోల్టేజీ ముప్పై శాతం దగ్గరా డెబ్బై దగ్గరా దాదాపు ఒకేలా, సెల్‌కు 3.2, 3.3 వోల్టులుగా ఉంటుంది. మధ్యలో ఎంతుందో బీఎంఎస్ అంచనా తప్పుతూ పోతుంది. వారానికి ఒకసారి వంద నింపితేనే లెక్క సరిదిద్దుకుంటుంది. అలా చేయనివారికి 18 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా 5కు పడిపోయే ఇబ్బంది వస్తుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది.

ఎండకాలానికి ఒకే సూత్రం, నిండు బ్యాటరీ, మండే ఎండ కలవకూడదు. షిఫ్టుకు పోయి మధ్యాహ్నమంతా ఎండలో నిలిపే బండిని తెల్లవారే వంద చేయకండి. చెట్టు నీడైనా, రేకుల షెడ్డైనా వెతకండి. హైవే మీద గంటన్నర నడిపి వచ్చి వెంటనే ఫాస్ట్ చార్జింగ్ పెడితే చార్జర్ 50 కిలోవాట్లు ఇవ్వగలిగినా బండి 20 మాత్రమే తీసుకోవచ్చు. అది లోపం కాదు, ప్యాక్ వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది. ఇంట్లో రాత్రి పది దాటాక పెట్టండి. చార్జింగ్ మధ్యలో బానెట్ కింద ఫ్యాను హోరు వినిపిస్తే కంగారుపడొద్దు, ఏసీ కంప్రెసర్ బ్యాటరీని చల్లబరుస్తోంది. బయల్దేరే పది నిమిషాల ముందు, ప్లగ్గు తీయకముందే, కారు లోపల ఏసీ వేసుకుంటే ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది.

ప్రశ్న (మంచిర్యాల): ఇరవై రోజులు ఊరికి పోయి వచ్చాం. బ్యాటరీ 70 శాతం ఉండగా వదిలాం. వచ్చేసరికి తలుపు కూడా తెరుచుకోలేదు. అంత కరెంటు ఎటు పోయింది?

జవాబు: ఎటూ పోలేదు, ఆ 70 అలాగే ఉంటుంది. అయిపోయింది బానెట్ కింద ఉన్న మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద ప్యాక్‌ను బండికి కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు ఈ చిన్న బ్యాటరీతోనే పనిచేస్తాయి. ఇది దిగిపోతే నిండు ప్యాక్ ఉన్నా బండి లేవదు. కారు నిలిపి ఉన్నా మొబైల్ యాప్‌తో మాట్లాడే యూనిట్, అలారం దీన్ని మెల్లమెల్లగా తాగుతూనే ఉంటాయి. యాప్ తెరిచి బండి ఎలా ఉందో అని రోజుకు నాలుగుసార్లు చూసినా ఇంకా తొందరగా దిగుతుంది.

రిమోట్ లోపల దాచిన ఇనుప తాళంచెవి ఉంటుంది, దాంతో డ్రైవరు తలుపు తీసి బానెట్ లీవరు లాగండి. వేరే కారు 12 వోల్టుల బ్యాటరీతో గానీ బూస్టర్‌తో గానీ జంప్ ఇవ్వండి. ఎర్ర తీగ ప్లస్‌కు ముందు, నల్లది తర్వాత మీ బండి బాడీ మీద రంగు లేని బోల్టుకు. రెడీ లైటు రాగానే తీగలు తీసేసి బండిని గంటసేపు ఆన్‌లో ఉంచితే డీసీ-డీసీ కన్వర్టర్ దాన్ని నింపుతుంది. మీ బండితో వేరే పెట్రోలు బండికి మాత్రం జంప్ ఇవ్వకండి, స్టార్టర్ గుంజే కరెంటు కన్వర్టర్‌ను దెబ్బతీయగలదు. ఇకముందు ఎక్కువ రోజులు వదిలితే పెద్ద ప్యాక్ 50, 60 శాతంలో ఉంచి, చిన్న బ్యాటరీ మైనస్ తీగ విప్పి పోండి. మూడు నాలుగేళ్లకు ఒకసారి ఆ బ్యాటరీ మార్చక తప్పదు.

ప్రశ్న (హన్మకొండ, నయీంనగర్): 2023 జులై వానలకు మా వీధి మునిగింది. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ కారు నీళ్లలో ఉంటే చుట్టూ కరెంటు కొడుతుందా?

జవాబు: కొట్టదు. హై వోల్టేజీ వలయం కారు బాడీకి ఎక్కడా అంటకుండా వేరుగా ఉంటుంది. లీకేజీ మొదలైతే బీఎంఎస్ కాంటాక్టర్లను తెరిచి ప్యాక్‌ను విడగొట్టేస్తుంది. ప్యాక్‌కు ఉండే ఐపీ67 రక్షణ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగగలగడం. వీధిలో రాత్రంతా నిలిచిన వరదకు అది హామీ కాదు. పైగా రాయి తగిలి అడుగు సొట్టపడ్డ ప్యాక్‌కు ఆ సీలు ఉంటుందన్న నమ్మకం లేదు.

భయపడాల్సింది నీళ్లు పోయాక. బండి ఆరింది కదా అని స్టార్ట్ బటన్ నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి. లోపలికి చేరిన బురదనీరు సెల్స్ మధ్య షార్టు చేస్తే రోజుల తర్వాత కూడా మంట లేవగలదు. ఇంటికి, వేరే బండ్లకు కనీసం 15 మీటర్ల దూరంగా తోయించి, ఇన్సూరెన్స్ వారికి, సర్వీస్ సెంటర్‌కు చెప్పండి. తీసుకుపోయే బండి ఫ్లాట్‌బెడ్ (కారును మొత్తంగా పైకి ఎక్కించుకునేది) కావాలి. చక్రాలు నేల మీద తిరుగుతూ లాగితే మోటారులోని శాశ్వత అయస్కాంతాలు కరెంటు పుట్టిస్తూ ఇన్వర్టర్‌ను కాల్చగలవు. పాలసీలో బ్యాటరీకి, నీళ్లు చేరిన నష్టానికి యాడ్-ఆన్ ఉందో లేదో వానలకు ముందే చదవండి. గోడ చార్జర్‌ను నేలకు నాలుగైదు అడుగుల పైనే బిగించండి.

ప్రశ్న (నిర్మల్): ఆదిలాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఘాట్ దిగుతుంటే బ్యాటరీ నిండుతుందట, నిజమేనా?

జవాబు: నిజమే, కొంచెం. దిగేటప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి, అది జనరేటర్ అవుతుంది. 1,500 కిలోల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే లెక్కకు 0.4 యూనిట్ ఉంటుంది, అందులో బ్యాటరీకి చేరేది పావు యూనిట్. రెండు కిలోమీటర్ల లోపే. అసలు లాభం బ్రేకులు వేడెక్కకపోవడం. ఒక జాగ్రత్త: ఘాట్ పైనే వంద శాతం నింపుకుని దిగితే ఆ కరెంటు పెట్టుకునే చోటు ఉండదు, రీజెన్ (మోటారు కరెంటు పుట్టిస్తూ బండిని ఆపడం) పట్టదు. కాలు తీసినా బండి ఆగకుండా జారుతుంటే ఉలిక్కిపడతారు. బ్రేకు మామూలుగా పనిచేస్తుంది.

ప్రశ్న (మందమర్రి): సింగరేణి బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో నడిచే బండి పర్యావరణానికి మేలు ఎట్లా అవుతుంది?

జవాబు: అడగాల్సిన ప్రశ్న. దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. వెయ్యి కిలోమీటర్లకు 165 యూనిట్లంటే 115 కిలోల పైన. అదే దూరానికి కాలే 62 లీటర్ల పెట్రోలు నుంచి, లీటరుకు 2.3 కిలోల చొప్పున 140 కిలోలు పైనే, అదీ ముడిచమురు తీయడం, శుద్ధి చేయడం కలపకుండా. తేడా ఉంది, కానీ ప్రచారంలో చెప్పినంత లేదు. బ్యాటరీ తయారీలో వెలువడేది ముందే ఖాతాలో పడి ఉంటుంది, తక్కువ తిరిగే బండి దాన్ని తీర్చుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. పొగ మాత్రం నడివీధి నుంచి రామగుండం, భూపాలపల్లి చిమ్నీలకు మారుతుంది. చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ పోలీసుకు, స్కూలు పిల్లలకు అది మేలే, చిమ్నీల పక్కన ఊళ్లకు కాదు. ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెడితే మన ఎండకు రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. పీఎం సూర్యఘర్ కింద దానికి 78,000 రూపాయల రాయితీ ఉంది. కారు, సోలార్ రెండూ కలిసినప్పుడే మీ ప్రశ్నకు గట్టి జవాబు దొరుకుతుంది.

ప్రశ్న (జనగామ): నెలకు 300 కి.మీ. తిరుగుతాను, అద్దె ఇల్లు, పార్కింగ్ వీధిలోనే. రోడ్డు ట్యాక్సు లేదు కదా అని కొనాలనుకుంటున్నా.

జవాబు: ఇప్పుడు వద్దు. 2026 డిసెంబర్ 31 వరకు తెలంగాణలో రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉన్నమాట నిజమే, జీఎస్టీ కూడా 5 శాతమే. కానీ మీకు నెలకు మిగిలేది సుమారు పదిహేను వందలు. బయటి చార్జర్ల మీదే ఆధారపడితే అదీ ఇంకా తగ్గుతుంది. రాత్రి ప్లగ్గు పెట్టుకునే సొంత చోటు దొరికాక ఆలోచించండి.

ప్రశ్న (జగిత్యాల): నాలుగేళ్ల పాత ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి ఉంది. ఏం చూసి తీసుకోవాలి?

జవాబు: ఇంజను శబ్దం విని చెప్పే మేస్త్రి ఇక్కడ పనికిరాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించండి. సెల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ వోల్టేజీల తేడా అందులో ఉంటుంది. సగటు ఎంత బాగున్నా ఒక్క సెల్ వెనకబడితే ప్యాక్ అంతా దాని దగ్గరే ఆగిపోతుంది. వంద నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, 80 వేగంతో యాభై అరవై కిలోమీటర్లు నడిపి ఎంత శాతం తగ్గిందో మీరే లెక్కించండి. బండి లిఫ్టు మీద ఎక్కించి ప్యాక్ అడుగున సొట్టలు, గీతలు, కూలెంట్ కారిన మరకలు చూడండి. చార్జింగ్ పోర్టు మూత తీసి పిన్నులు నల్లబడ్డాయేమో టార్చి వేసి చూడండి. ఆరెంజ్ తీగల మీద ఎలుకల పంటిగాట్లు వెతకండి, షెడ్డులో నెలల తరబడి నిలిచిన బండ్లకు అది మామూలే. వారంటీ చాలా కంపెనీలది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతం కన్నా పడితే వర్తిస్తుంది. అది రెండో యజమానికి పూర్తిగా బదిలీ అవుతుందా, కొన్ని నిబంధనలతోనా అని బయానా ఇవ్వకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బండితో వచ్చిన పోర్టబుల్ చార్జర్ ఇవ్వనంటే దాని ధర తగ్గించే మాట్లాడుకోండి.